ప్రాపర్ ఛానల్లో వెళ్ళిన వ్యాసం

మేనేజ్‌మెంట్ చదువుకి తయారవుతున్న పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వస్తున్నారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన ముసలాణ్ణి కదా, నాలుగు ముక్కలు చెప్పకపోతానా అని వాళ్ళ ఆశ. మీ పనిచోట చెయ్యదగిన ఒక మార్పు గురించి వ్యాసం రాయమని దరఖాస్తులో అడుగుతున్నారట, ఏం రాయమంటారు అంటారు. ఆ మాట వినగానే నాకు నవ్వొస్తుంది, వెంటనే గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది. అరవైల్లో నన్నూ అదే అడిగారు. నేను రాసిన జవాబు ఒక మనిషి కుర్చీ కిందకి నీళ్ళు తెచ్చింది. ఆ చదువు కోసం నాకు లెక్కలు నేర్పుతున్న మనిషే ఆయన.

అప్పట్లో నేను రేట్ ఫిక్సర్ని. పేరు వింటే పెద్ద హోదా అనిపిస్తుంది గానీ పని ఇంతే: చేతిలో స్టాప్‌వాచీ, అట్టకి క్లిప్పుతో బిగించిన ఫారం పట్టుకుని మెషీన్ పక్కన నిలబడాలి. ఏ పనికి ఎంతసేపు పడుతుందో రాసుకోవాలి. ఆ లెక్కని బట్టి పనికి ఇంత టైమని ఖాయం చేస్తారు. అంతకంటే ముందుగా ముగించినవాడికి జీతం మీద కొంత కలిసొస్తుంది. అందుకని నా వాచీ కనబడగానే షాపులో అందరికీ చేతులు బరువెక్కేవి. కబుర్లు చెప్పుకుంటూ అరగంటలో చేసే పనిని నా ముందు మూలుగుతూ ముప్పావుగంట చేసేవారు. వాళ్ళు నటిస్తున్నారని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. టీ టైముకి మళ్ళీ నా భుజం మీద చెయ్యి వేసి "కోపమేటి తమ్ముడూ" అనేవారు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బాయిలర్ షాపులో రివెట్లు కొట్టి కొట్టి చెవుడు తెచ్చుకుని రిటైరయ్యాడు. నేను రైల్వే ఆస్పత్రిలో పుట్టాను, రైల్వే స్కూల్లో చదివాను, ఉద్యోగం వచ్చాక సాయంత్రం క్లాసులకి పోయి బీకాం పూర్తి చేశాను. బీకాం తర్వాత ఏమిటన్నది మా వీధిలో ఎవరికీ తట్టని ప్రశ్న. నాకు తట్టింది. ఎవడో నిర్ణయించినదాన్ని వాచీతో కొలిచే బతుకు నాకు చాలదనిపించింది. కొలతలు చూసి నిర్ణయించేవాడి కుర్చీలో కూర్చోవాలనిపించింది. డిగ్రీ అయినవాళ్ళకి కలకత్తాలో రెండేళ్ళ మేనేజ్‌మెంట్ చదువు ఉందని పేపర్లో ప్రకటన చూసినప్పుడు, ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. ఇరవై ఏడేళ్ళవాణ్ణి, పెళ్ళైనవాణ్ణి. అయినా కొత్త చొక్కా తొడుక్కున్న కుర్రాడిలా ఉండేది నా వాలకం.

ఆదివారాలు సైకిలేసుకుని ప్రేమ్ బజార్ పోయేవాణ్ణి. ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు చదివి అమ్మేసిన ఇంగ్లీషు పుస్తకాలు అక్కడ చవగ్గా దొరికేవి. ఒక టీ కొట్టు బెంచీ మీద ఆ కుర్రాళ్ళ పక్కనే కూర్చుని, పేరాగ్రాఫు చదివి ప్రశ్నలకి జవాబులు రాసే అభ్యాసం చేసేవాణ్ణి. వాళ్ళు పది నిమిషాల్లో చేసేది నాకు అరగంట పట్టేది. వాచీ పట్టుకుని లోకాన్ని కొలిచేవాణ్ణి నన్ను నేను కొలుచుకుంటే తేలిన లెక్క అది.

లెక్కలకి మాత్రం నాకు గురువు దొరికాడు. మా షాపు టూల్‌రూమ్ కీపర్. మా ఊళ్ళవైపు మనిషే. వరస ఏమీ లేకపోయినా షాపులో తెలుగువాళ్ళందరూ ఆయన్ని మావ అనేవారు, బెంగాలీవాళ్ళు కూడా వాళ్ళ నోటికి తగ్గట్టు అదే అనేవారు. ఒకప్పుడు పేరున్న టర్నరు. లేత్ మీద ఉండగా ఉక్కు రవ్వ ఎగిరి కుడి కంట్లో పడింది. ఆ కన్ను మసకబారింది. మెషీన్ పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చేసి, తేలికపని కింద టూల్‌రూమ్‌లో కూర్చోబెట్టారు. షాపు మధ్యలో చెక్క గది, దానికొక కిటికీ. పనివాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి కావలసిన పనిముట్టు తీసుకుంటాడు, పనయ్యాక పనిముట్టు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. మావ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి, అడిగినది అందించేవాడు. వందల పనిముట్లు ఏ అరలో ఎక్కడున్నాయో చేతికి తెలుసు.

అంగుళంలో అరవైనాలుగోవంతుల పట్టీ అంతా ఆయనకి నోటికి వచ్చు. "అయిదు అరవైనాలుగోవొంతులు ఎంతరా" అని తనే అడిగి, తనే "సున్నా పాయింటు సున్నా ఏడు ఎనిమిది ఒకటి రెండు అయిదు" అని చెప్పేవాడు. మిల్లీమీటర్లు వచ్చి ఎంతోకాలం కాలేదు, ఆ మార్పు లెక్కలూ నాలుక చివరే ఉండేవి. చదివింది నాలుగో తరగతి. మధ్యాహ్నం తిండి వేళ కిటికీ అవతల ఆయన, ఇవతల నేను. నా పుస్తకంలోంచి ఒక్కో లెక్క తెలుగులోకి మార్చి చెప్పేవాణ్ణి. కాగితం ముట్టనిచ్చేవాడు కాదు.

ఒకసారి, రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తున్నాయి, ఎంతసేపటికి దాటుకుంటాయి అనే లెక్క చదివాను. మావ అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"ఏ సెక్షన్ల?"

"సెక్షను సెప్పలేదు మావా."

"డబుల్ లైనా, సింగిల్ లైనా?"

"అదీ సెప్పలేదు."

"అయితే ఈడెవడో రైలు సూడనోడు రాసినాడు. సరేగాని, రెండింటి పొడుగూ కలుపు, రెండింటి స్పీడూ కలుపు, భాగించీ. అంతే గదా."

అంతే. నేను పేజీ నిండా బీజగణితం చేసి రాబట్టినది అన్నం ముద్ద నోట్లోకి పోయేలోగా చెప్పేవాడు. నాలుగు నెలలు అలా సాగింది. శాతాలు, నిష్పత్తులు, సగటులు అన్నీ ఆ కిటికీ దగ్గరే నాకు వంటబట్టాయి. అంత ఆనందంగా నేనేమీ నేర్చుకోలేదు, ముందూ వెనకా.

అప్పుడు వచ్చింది వ్యాసం సంగతి. పనిచోట ఒక లోపం చూపించి, దాన్ని ఎలా సరిచేస్తారో వెయ్యి మాటల్లో రాయాలి. నా కళ్ళ ముందు రోజూ ఉన్నది ఆ కిటికీ ముందు నిలబడే వరసే. అది తప్ప నాకు ఇంకేమీ తట్టలేదు. ఒక సోమవారం పొద్దున వాచీ జేబులో దాచుకుని, దూరంగా నిలబడి లెక్కపెట్టాను. ఒక్కొక్కడికి సుమారు పన్నెండు నిమిషాలు పట్టింది. ఇంతమంది, ఇన్ని రోజులు, ఇన్ని గంటల నష్టం అని గుణించేశాను. పరిష్కారం కూడా రాశాను: టూల్‌రూమ్ తీసేసి, మెయిన్ స్టోర్ నుంచే తోపుడు బండి మీద పనిముట్లు మెషీన్ల దగ్గరికి పంపితే సరి. ఒక పోస్టు కూడా మిగులుతుంది అని చివర ఒక వాక్యం తగిలించాను. ఆ వాక్యం రాసేటప్పుడు నా ఎదుట మావ లేడు, కలకత్తా ప్రొఫెసర్లు ఉన్నారు.

అందులో ఒక మోసం ఉంది, అది నాకు తెలుసు. శనివారం పని ముగిశాక పనిముట్లన్నీ టూల్‌రూమ్‌కి తిరిగి ఇచ్చెయ్యాలి, అది మా షాపు ఆనవాయితీ. అందుకని సోమవారం పొద్దున షాపు మొత్తం ఒకేసారి ఆ కిటికీ మీద పడుతుంది. మిగతా రోజుల్లో వరసే ఉండదు, రెండు మూడు నిమిషాల పని. నేను సోమవారం లెక్కని వారమంతటికీ వేసేశాను. ఇంకొకటి కూడా వదిలేశాను. మావ వెనక్కి వచ్చిన డ్రిల్లు అంచు బొటనవేలితో తడిమి, "ఏ మెషీను మీద? కూలింగు నీల్లు రాలేదేటి?" అని అడిగేవాడు. ఆయన అడిగాక ఆ మనిషి పోయి మెషీన్ చూసుకునేవాడు. ఎన్నో పనులు చెడిపోకుండా ఆగింది అక్కడే. అది నేను రోజూ చూస్తున్నదే. కానీ నా ఫారంలో దానికి గడి లేదు. గడి లేనిది వ్యాసంలోకీ రాలేదు.

ఇంతవరకూ చేసినది చిన్న తప్పే. ప్రొఫెసర్లని మెప్పించడానికి రాసినది ప్రొఫెసర్లకే చేరి ఉంటే ఎవరికీ ఏ నష్టం ఉండేది కాదు. పోస్టాఫీసుకి పోయి, కవరు మీద స్టాంపు అంటించి పంపేస్తే అయిపోయేది. కానీ నేను రైల్వేలో పుట్టి పెరిగినవాణ్ణి. పైవాడి సంతకం లేకుండా ఒక కాగితం కదులుతుందన్న ఊహే మాకు రాదు. మా ఆఫీసు టైపిస్టు, ఒక బెంగాలీ దాదా, నాకంటే పక్కా.

"ప్రాపర్ ఛానల్ బాబా, ప్రాపర్ ఛానల్," అన్నాడాయన హిందీలోనూ, వచ్చీరాని తెలుగులోనూ. "అప్లికేషన్ త్రీ కాపీ. దాంతో ఏమేమి ఉంటే అన్నీ త్రీ కాపీ. ఒకటి కాలేజీకి, ఒకటి హెడ్ ఆఫీసుకి, ఒకటి మన ఫైల్లో. లేకపోతే కల్ మేరా నౌకరీ జాయెగా, ఉద్యోగం పోతుంది."

"వ్యాసం కూడానా దాదా?"

"వ్యాసం ఎన్‌క్లోజర్ కాదా? ఎన్‌క్లోజరే కదా."

మూడు కాపీలు ఎంతో ముచ్చటగా కొట్టాడు. మార్జిన్లు సరిచూశాడు, నా ఇంగ్లీషులో తప్పులు దిద్దాడు, పైన "సబ్జెక్టు" అని లైను పెట్టి కింద గీత గీశాడు. ఆ గీతతో నా వ్యాసం వ్యాసంగా ఉండడం మానేసింది. మూడో కాపీకి ఫైలు నంబరు పడింది. మా రైల్వేలో నంబరు పడిన కాగితం ఊరికే ఉండదు. దాని మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసి తీరాలి.

మా షాపు పైన ఉన్న అసిస్టెంట్ ఆఫీసరు మంచి మనిషే. చదువంటే గౌరవం ఉన్నవాడు. నన్ను పిలిపించి కూర్చోమన్నాడు. మా ఆఫీసర్ల గదుల్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"ఇంత మంచి ఆలోచనని కాలేజీకి పంపి ఊరుకుంటే ఎలా? మనమే చేద్దాం," అన్నాడు ఇంగ్లీషులో. "బుధవారం టూల్‌రూమ్ ముందు ట్రయల్ పెడుతున్నాను. యూనియన్ మనిషిని కూడా పిలుద్దాం. నువ్వే వాచీ పట్టుకో. లెక్క నువ్వు రాసినట్టు వస్తే ఆ సాయంత్రమే నీ అప్లికేషన్ మీద గట్టి సిఫారసు రాసి సంతకం పెడతాను. నా మనిషి చేత్తో కలకత్తా పంపిస్తాను."

దరఖాస్తు చేరడానికి ఆఖరి తేదీ గురువారం. నేను "థాంక్యూ సార్" అన్నాను. నోట్లోంచి వచ్చినది అదే.

పోస్టు మిగలడమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. ఒంటి కన్ను మనిషికి తేలికపని మళ్ళీ ఖరగ్‌పూర్‌లో దొరకదు. ఎక్కడో ఒడిశా అడవుల్లో చిన్న స్టేషన్ స్టోరుకి కాపలావాడిగా పంపుతారు. పంపితే ఇక్కడి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మావ భార్యకి ఊపిరితిత్తుల జబ్బు, వారం వారం రైల్వే ఆస్పత్రిలో సూదిమందు. మేమంతా అత్త అనేవాళ్ళం. ఆస్పత్రి లేని చోటికి ఆమెను తీసుకుపోవడమంటే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గరికి పోయి మావకి అంతా చెప్పేశాను. ఆయన అన్నం తింటూనే విన్నాడు.

"అదేదో తెలుగుల సెప్పు, ఏటి రాసినావో," అన్నాడు.

చెప్పాను. పోస్టు మిగులుతుందన్న వాక్యం కూడా దాచకుండా చెప్పాను. చెబుతుంటే చెవులు మండిపోయాయి.

"ఏ రోజు లెక్కెట్టినావు?"

"సోమారం."

మావ నవ్వాడు. "ఓరి నీ... సోమారం లెక్కెట్టి వారమంతా ఏసీసినావా? సగటు కట్టడం నానేటి ఇలాగా నేర్పినాను నీకు?" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ట్రయలెప్పుడు?"

"బుదారం మావా. మామూలు రోజు. లైనుండదు. నా లెక్క తప్పనీసి తేలిపోతాది. నీకేటీ కాదు."

"మరి నీ సదువు?"

ఆయన చెయ్యి కడుక్కుని, గిన్నె మూత పెట్టి, "ఎల్లు, టైమైనాది" అన్నాడు.

నేను నిజంగా అదే నమ్మాను. బుధవారం వాచీ నిజం చెబుతుంది, నా గొప్పలు ఉత్తవని బయటపడుతుంది, ఆఫీసరు చిరాకుపడి సిఫారసు రాయకపోయినా మామూలుగా సంతకం పెట్టి పంపుతాడు. నష్టం లేకుండా తప్పించుకోవచ్చు. పిరికివాడికి ఇంతకంటే సుఖమైన ఏర్పాటు ఏముంటుంది?

బుధవారం పొద్దున టూల్‌రూమ్ ముందు ఆఫీసరు, యూనియన్ ఆయన, నేను నిలబడ్డాం. మొదటివాడు బిళ్ళ ఇచ్చి మరలు కోసే అరంగుళం ట్యాప్ అడిగాడు. మావ వెనక్కి తిరిగాడు. నేను ఎన్నడూ చూడనిది చూశాను: మావ వెతుకుతున్నాడు. పై అర చూశాడు, కింద అర చూశాడు, ఒక డబ్బా తీసి మూత తెరిచి మళ్ళీ పెట్టాడు. రెండు నిమిషాలు దాటాక ట్యాప్ తెచ్చాడు. అది మూడు ఎనిమిదోవంతులది. పనివాడు నోరు తెరిచి చూశాడు. మావ మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

రెండోవాడికీ అంతే, మూడోవాడికీ అంతే. వెనక వరస పెరిగింది. "కీ హోలో మావా, శరీర్ ఖారాప్ నాకి?" అని ఒక బెంగాలీ ఫిట్టరు ఒంట్లో బాగాలేదేమోనని అడిగాడు. మావ వినిపించుకోలేదు. నా ఫారంలో అంకెలు పడుతున్నాయి. పది, పదకొండు, పన్నెండు. నా వ్యాసంలో ఉన్న అంకెలే, ఎవరో అప్పజెప్పినట్టు.

వాచీ ముందు నిదానించడం మా షాపులో ఎవరైనా చేసేదే, అలా చేస్తే వాళ్ళకి టైము కలిసొస్తుంది. ఇక్కడ నిదానిస్తే పోయేది మావ పోస్టే. అందుకని ఆఫీసరుకి అనుమానం రాలేదు, ఎవరికీ రాదు. ఆయన యూనియన్ ఆయన వైపు వంగి హిందీలో, "కన్ను సరిగా లేదు కదా. ఈ మనిషిని ఇక్కడ ఉంచడమే తప్పు. మళ్ళీ డాక్టరుకి చూపించాలి, అసలు ఏ పనికైనా పనికొస్తాడో లేదో," అన్నాడు.

మావకి వినిపించింది. కిటికీకీ మాకూ మధ్య మూరెడు దూరం. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. చేతిలో ఉన్న రీమర్‌ని మళ్ళీ తప్పు అరలో పెట్టాడు. చీకట్లో కూడా పనిముట్టుని పోల్చగలిగిన చెయ్యి అది. ఆ చేతిని ఆయన అందరి ముందూ చేతకానిదిగా చూపిస్తున్నాడు, నా కోసం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏ మంచితనమూ నన్ను కదిలించలేదు, ఆ తప్పు అరే కదిలించింది. అది చూడలేకపోయాను. వాచీ ఆపేశాను.

"సార్, ఈ లెక్క వద్దు," అన్నాను.

"ఏం, వాచీ పాడైందా?"

"వాచీ బాగానే ఉంది సార్. నా వ్యాసం బాగాలేదు."

ఆయన నన్ను గదిలోకి తీసుకెళ్ళాడు. సోమవారం సంగతి చెప్పాను. మామూలు రోజుల్లో వరస ఉండదని, కావాలంటే ఏ ఫోర్‌మన్‌నైనా అడగమని చెప్పాను. డ్రిల్లు అంచు తడిమే సంగతి చెప్పాను. మావ కావాలని నెమ్మదించాడని మాత్రం చెప్పలేదు, చెబితే ఛార్జిషీటు ఇస్తారు. మీరంతా చుట్టూ నిలబడితే తడబడ్డాడు అన్నాను.

ఆఫీసరు ఫైలు ముందుకు లాక్కున్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"కాగితం ఫైల్లో ఉంది. ట్రయల్ ఆపాలంటే, ఆ వ్యాసం తప్పు లెక్కలతో రాశాను, వెనక్కి తీసుకుంటున్నాను అని నువ్వే రాసివ్వాలి. వెనక్కి తీసుకుంటే నీ అప్లికేషన్ అసంపూర్ణం. అసంపూర్ణమైనదాన్ని నేను పంపలేను. రేపే ఆఖరి తేదీ. తెలుసు కదా?"

"తెలుసు సార్."

"వచ్చే ఏడాది రాసుకో. కానీ ఈసారి ఇచ్చినట్టు సిఫారసు ఇవ్వలేను."

టైపిస్టు దాదా నా ఉత్తరం కొడుతూ మధ్యలో రెండుసార్లు ఆగాడు. "సోచ్ లో," అన్నాడు మెల్లగా. ఆలోచించుకోవడానికి ఏముంది? అయినా ఆలోచించాను. పేపర్లో కత్తిరించిన ప్రకటన గుర్తొచ్చింది, ప్రేమ్ బజార్ బెంచీ గుర్తొచ్చింది. పెన్ను పట్టుకుని, సంతకం పెట్టకుండా, టేబులు మీద ఉన్న గాజు పేపర్‌వెయిట్‌ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తర్వాత పెట్టాను. ఎప్పటిలాగే మూడు కాపీల మీదా పెట్టాను. రెండేళ్ళ కలకత్తా చదువు మూడు సంతకాలతో పోయింది. ఏడుపొచ్చింది, బాత్‌రూమ్‌కి పోయి ముఖం కడుక్కున్నాను.

మావ నన్ను మెచ్చుకుంటాడని లోలోపల ఒక ఆశ ఉండేది, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సాయంత్రం హూటర్ అయ్యాక గేటు దగ్గర పట్టుకున్నాడు. ఆయనకి అంత కోపం రావడం అంతకుముందు చూడలేదు.

"ఎవడు సెప్పమన్నాడు నిన్ను?"

"మావా, ఆ ఆఫీసరు నిన్ను..."

"ఏటంటే అననీ. ఆడు రేపో మాపో టేన్సఫరై ఎల్లిపోతాడు. మీ అత్తకి సెప్పినాను, సామాను సర్దుకోమన్నాను. సరేనన్నాది. నాకు సర్వీసింక నాలుగేల్లు. నీకు ముప్పై యేల్లు. నాలుగు నెల్లు లెక్కలు నేర్పినానే, ఇందల ఏది పెద్దదో తెలీదా నీకు?"

"మరి అత్త ఆస్పత్రి?"

ఆయన తల దించుకున్నాడు. తర్వాత జనంలో కలిసి వెళ్ళిపోయాడు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. బిళ్ళ తీసుకునేవాడు, పనిముట్టు ఇచ్చేవాడు, ముఖం చూసేవాడు కాదు. వెనక్కి తిరగకుండా, చెయ్యి చాచి, ఎప్పటిలాగే.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం నేను కిటికీ దాటి పోతుంటే పిలిచాడు. "ఏటి, పుస్తకం అమ్మీసినావా? మల్ల ఏడు లేదా పరీచ్చ?" అన్నాడు. పరుగెత్తుకుంటూ పోయి పుస్తకం తెచ్చాను.

మరుసటి ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టాను. ఈసారి వ్యాసం వేరే రాశాను, మంచినీళ్ళ కుళాయిల గురించి. దాని వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు. దాదా మూడు కాపీలు కొట్టాడు, ఎవరూ దాని మీద ఏమీ రాయలేదు. కలకత్తా పోయి పరీక్ష రాసి వచ్చాను. లెక్కలన్నీ చేశాను, టైము మిగిలింది కూడా. ఇంగ్లీషులో మునిగిపోయాను. ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. ఆ తర్వాతి ఏడాదికి పిల్లలు, నాన్న జబ్బు, వయసు. ఇక పెట్టలేదు. మొదటి ఏడాది వెళ్ళి ఉంటే సీటు వచ్చేదా? ఏమో. అప్పుడూ ఆ ఇంగ్లీషే కదా నాది. వచ్చేదేమో అని అనుకోవడంలో ఒక హాయి ఉంది, దాన్ని నేను వదులుకోదలచుకోలేదు.

మెల్లగా ప్రమోషన్లు వచ్చాయి. రిటైరయ్యేనాటికి నా కింద నలభైమంది ఉండేవారు. ఏ పోస్టు గురించైనా కాగితం నా ముందుకు వస్తే, సంతకం పెట్టేముందు ఆ మనిషి పనిచేసే చోటికి పోయి వాచీ లేకుండా ఒక పూట నిలబడేవాణ్ణి. నా కింద వాళ్ళు దాన్ని చాదస్తం అనేవారు. అది చదువు లోటు అని నేనే నవ్వేసేవాణ్ణి.

మావ నాలుగేళ్ళూ ఆ కిటికీలోనే ఉండి రిటైరయ్యాడు. అత్త అప్పటికి బాగానే కోలుకుంది. ఆ నాలుగేళ్ళలో ఆ బుధవారం గురించి మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఆఖరి రోజు హూటరు తర్వాత షాపువాళ్ళంతా మెడలో బంతిపూల దండలు వేశారు. గేటు బయట బేండు మేళం నిలబడి ఉంది, ఇంటిదాకా ఊరేగించడానికి. నేను ఆయన సంచీ పట్టుకుని పక్కన నడుస్తున్నాను. జనం కొంచెం ముందుకు పోయారు. ఇప్పుడు అడక్కపోతే ఇక అడగలేనని తెలిసి అడిగాను.

"మావా, ఆ బుదారం నాను నోరిప్పకపోతే నిజంగా ఎల్లిపోదువా?"

మావ ఆగాడు. బాగున్న కన్ను నా వైపు తిప్పి చూశాడు.

"ఎల్లిపోదును. మీ అత్తనట్టుకొని, ఎక్కడికంటే అక్కడికి ఎల్లిపోదును. నువ్వు పెద్ద ఆఫీసరువై వొచ్చినావంటే, పదిమందికీ సెప్పుకొని సంతోసిద్దును," అన్నాడు. "కాని మల్ల నీ మొకం మాత్రం సూసీవోణ్ణి కాదు."

అని నా చేతిలోంచి సంచీ తీసుకుని, బేండు వైపు నడిచాడు.